అచ్చుతప్పు ముందుమాటలో ఉంది: ఒక పిట్యూటరీ కేసు

ఈ కేసు రాసుకోవడానికి రోగి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. వయసు, కుటుంబ వివరాలు కొంచెం మార్చాను, వృత్తి పూర్తిగా వదిలేశాను. జన్యువులో మార్పు సరిగ్గా ఏ స్థానంలో ఉందో కూడా చెప్పడం లేదు. అంత అరుదైన మార్పుకి స్థానం చెబితే పేరు చెప్పినట్టే. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది, దాదాపు ఏడాది పాటు చేసిన తప్పు. దాన్ని దాస్తే మిగతా కథంతా నేనేదో తెలివిగా కనిపెట్టినట్టు ఉంటుంది. అలా జరగలేదు.

నేపథ్యం

ఆమెకు 38 ఏళ్ళు. మొదట వచ్చింది నా దగ్గరికి కాదు, చేతి సర్జన్ దగ్గరికి. కుడి చేతికి కార్పల్ టనల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ అయిన రెండేళ్ళకు ఎడమ చేతి వేళ్ళు కూడా రాత్రిళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఆపరేషన్ తేదీ ఇవ్వబోతూ సర్జన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆగిపోయారట. చల్లని గదిలో కూడా ఆ అరచెయ్యి తడిగా, కలిపిన పిండి ముద్దలా మెత్తగా ఉంది. అక్రోమెగలీ (మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువై చేతులు, కాళ్ళు, ముఖం పెరిగే జబ్బు) చెయ్యి ఒకసారి పట్టుకున్నవాళ్ళు మరిచిపోరు. ఆపరేషన్ వాయిదా వేసి ఆమెను నా దగ్గరికి పంపారు.

ఎప్పటినుంచి మార్పులు గమనిస్తున్నారని అడిగితే, మార్పులేమీ లేవన్నారు. ఇలాంటి జబ్బులో రోగి చెప్పే జవాబు చాలాసార్లు ఇదే. ముఖం నెలల తరబడి, ఏళ్ళ తరబడి మారుతుంది, రోజూ అద్దంలో చూసుకునేవాళ్ళకి తెలియదు. పాత ఫోటో ఏదైనా ఉందా అన్నాను. ఫోటోకి బదులు బ్యాగులోంచి ఒక పాత కళ్ళజోడు తీసి పెట్టుకుని చూపించారు. ఐదేళ్ళ కిందట అతికినట్టు సరిపోయిన ఫ్రేము అది. ఇప్పుడు దాని కాళ్ళు రెండూ బయటికి విచ్చుకుని, కణతల మీద గాడి పడేంత బిగుతుగా కూర్చున్నాయి. "పవర్ మారలేదు సార్, తలే మారినట్టుంది" అని నవ్వారు. కింది పళ్ళ మధ్య సందులు, చెప్పుల సైజు రెండు అంకెలు పెరగడం, గురక, ఏడాదిగా తలనొప్పి, అన్నీ అడిగితే గాని బయటికి రాలేదు.

మొదటి పరీక్షలు, మొదటి తప్పు

గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో పెరిగే ఐజీఎఫ్-1 ఆమె వయసుకి ఉండాల్సిన పై హద్దుకి 2.6 రెట్లు. గ్లూకోజ్ తాగించి రెండు గంటల పాటు గ్రోత్ హార్మోన్ కొలిస్తే అది 1 కంటే కిందికి పడాలి, ఆమెకు 6 దగ్గరే ఆగింది. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 7.1. ఎంఆర్‌ఐలో 19 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది. 10 దాటితే మాక్రోఅడినోమా అంటాం. కుడి పక్కన కేవర్నస్ సైనస్‌లోకి (పిట్యూటరీ పక్కనే రక్తం నిండి ఉండే గది) చొచ్చుకుపోయి కెరోటిడ్ ధమనిని దాటేసింది. పైన కంటి నరాలు కలిసే చోటుకి ఆనుకుంది గాని నొక్కలేదు, చూపు పరిధి పరీక్ష మామూలుగానే వచ్చింది. టీ2 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రాల్లో గడ్డ తెల్లగా మెరిసింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, దీని సంగతి తర్వాత చెబుతాను.

రక్తపరీక్షల కాగితంలో అడుగున ఇంకో అంకె ఉంది. కాల్షియం 10.9, ఆ ల్యాబ్ పై హద్దు 10.3. దాని పక్కన ఎర్రటి బాణం కూడా ఉంది. నేను చూశాను. చూసి, అక్రోమెగలీలో ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను.

అది పూర్తిగా గాలిమాట కాదు. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే విటమిన్ డి చురుకైన రూపంలోకి మారడం పెరుగుతుంది, కాల్షియం కాస్త పైకి వెళ్ళొచ్చు. కానీ అదే జబ్బులో కిడ్నీ ఫాస్ఫేట్‌ని ఎక్కువగా నిలుపుకుంటుంది, కాబట్టి ఫాస్ఫేట్ పై హద్దు వైపు ఉండాలి. ఆమెకు 2.7, కింది హద్దు దగ్గర. రెండు అంకెలూ పక్కపక్క వరుసల్లోనే ఉన్నాయి. వాటిని కలిపి చదివి ఉంటే, ఫాస్ఫేట్‌ని కిందికి లాగుతున్నది ఇంకేదో ఉందని, అది పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్: మెడలోని చిన్న గ్రంథులు వదిలే, కాల్షియం పెంచి ఫాస్ఫేట్ తగ్గించే హార్మోన్) కావచ్చని అప్పుడే అనుమానం రావాలి. ఒక్క పీటీహెచ్ పరీక్షతో తేలిపోయేది. చెయ్యలేదు. పెద్ద రోగ నిర్ధారణ ఒకటి చేతిలో ఉన్నప్పుడు చిన్న చిన్న తేడాలన్నీ దాని ఖాతాలో వేసెయ్యడం ఎంత సులువో ఆ కాగితం ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

ఆపరేషన్ ముందా, మందు ముందా

కేవర్నస్ సైనస్‌లోకి వెళ్ళిన భాగాన్ని సర్జన్ పూర్తిగా తియ్యలేరని ముందే తెలుసు. అలాంటప్పుడు నేరుగా ఇంజెక్షన్లు మొదలుపెట్టొచ్చు కదా అన్న వాదన ఉంది. మేము ఆపరేషనే ముందు అనుకున్నాం. గడ్డలో ఎక్కువ భాగం తీసేస్తే మిగిలినదాని మీద మందు బాగా పనిచేస్తుంది, కంటి నరాల దగ్గర చోటు దొరుకుతుంది, గడ్డ ముక్క మైక్రోస్కోప్ కిందికి వస్తుంది. చివరి కారణాన్ని అప్పట్లో మూడో స్థానంలో పెట్టాను. తర్వాత చూస్తే ఆ ముక్కే ఎక్కువ పనికొచ్చింది.

ముక్కులోంచి ఎండోస్కోప్‌తో ఆపరేషన్ చేశారు. నాలుక పెద్దదవడం వల్ల మత్తు డాక్టర్లకి గొట్టం వెయ్యడం కష్టమవుతుందని ముందే చెప్పి ఉంచడం మంచిదైంది. వారం తర్వాత సోడియం కొంచెం పడి, నీళ్ళు తగ్గిస్తే సర్దుకుంది. కార్టిసాల్, థైరాయిడ్ నిలబడ్డాయి.

పాథాలజీ రిపోర్టులో గ్రోత్ హార్మోన్ తయారుచేసే కణాల గడ్డ, గుళికలు పలచగా ఉన్న రకం, కీ-67 (విభజనలో ఉన్న కణాల వంతు) నాలుగు శాతం అని వచ్చింది. గుళికలు పలచగా ఉండే రకం, టీ2లో తెల్లగా మెరిసే రకం చాలావరకు ఒకటే. ఇవి గ్రోత్ హార్మోన్ విడుదలను తగ్గించే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ లాంటి మందులకి అంతగా లొంగవు.

పనిచెయ్యనివి

ఆపరేషన్ అయిన పన్నెండు వారాలకి ఐజీఎఫ్-1 పై హద్దుకి 1.7 రెట్లు. ఆక్ట్రియోటైడ్ నెలకోసారి 20 మిల్లీగ్రాములు, తర్వాత 30. ఆరు నెలలకి 1.5 రెట్లు. కాబర్గోలిన్ అనే ఇంకో మందు కలిపాం, 1.4 దగ్గర ఆగిపోయింది. లొంగదని అనుమానం ఉన్న మందునే ఎందుకు మొదలుపెట్టారని తర్వాత ఒక జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్నే. పాథాలజీ చెప్పేది అవకాశాల గురించి, ఈ ఒక్క మనిషి గురించి కాదు. పైగా ఈ మందు గడ్డ పెరుగుదలను కూడా ఆపగలదు, ఆ తర్వాత వాడదామనుకున్న పెగ్విసోమాంట్ ఆపలేదు. అందుకే ముందు దీనికి ఒక అవకాశం ఇచ్చాం. ఆరు నెలలు ఎక్కువే ఇచ్చామేమో.

అసలు మలుపు వేరే చోట వచ్చింది. ఐజీఎఫ్-1 తగ్గుతోంది, కాల్షియం పెరుగుతోంది. 10.9 ఉన్నది 11.2 అయింది, మళ్ళీ చూస్తే 11.3. అక్రోమెగలీ వల్లే కాల్షియం పెరిగిందన్న నా మాట నిజమైతే రెండూ కలిసి దిగాలి. ఒకటి దిగుతూ ఇంకోటి ఎక్కుతుంటే నా వివరణ తప్పన్నమాట. అప్పుడు పీటీహెచ్ చేయించాను. 96 వచ్చింది, ఉండాల్సింది 65 లోపు. విటమిన్ డి సరిపడా ఉంది. 24 గంటల మూత్రంలో కాల్షియం ఎక్కువే, కాబట్టి కుటుంబాల్లో వచ్చే, హాని చెయ్యని రకం కాదు. స్కాన్‌లో ఎడమ కిడ్నీలో చిన్న రాయి. ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం, అంటే పారాథైరాయిడ్ గ్రంథులే హార్మోన్ ఎక్కువగా వదలడం, ఖాయమైంది. మొదటి రోజు నుంచీ ఉన్నదే.

పిట్యూటరీ, పారాథైరాయిడ్ రెండూ ఒకే మనిషిలో, నలభై దాటకముందే. ఇక్కడికి వచ్చాక ఏ ఎండోక్రైనాలజిస్ట్ నోటికైనా వచ్చే మాట మెన్1, పలు హార్మోన్ గ్రంథుల్లో గడ్డలు తెచ్చే వంశపారంపర్య జబ్బు. కుటుంబంలో ఎవరికైనా కిడ్నీలో రాళ్ళున్నాయా అని ఈసారి సరిగ్గా అడిగాను. అమ్మగారికి ఉండేవట, చాలా ఏళ్ళ కిందట మెడకి ఏదో ఆపరేషన్ కూడా జరిగిందట, థైరాయిడ్ అనుకున్నారట. ఆవిడ ఇప్పుడు లేరు, కాగితాలూ లేవు. తమ్ముడికి కాల్షియం చేయించండి అన్నాను. 10.8, పీటీహెచ్ ఎక్కువ.

"ఏమీ లేదు" అన్న రిపోర్టు

మెన్1 జన్యువులో అక్షరదోషం లేదు, పెద్ద ముక్క ఎగిరిపోవడమూ లేదు. ఆ తర్వాత పంపిన, పలు జన్యువుల్ని కలిపి చూసే ప్యానెల్‌లో ఏఐపీ, సీడీకేఎన్1బీ సహా ఇంకొన్ని జన్యువులు ఉన్నాయి. అన్నింటికీ ఒకే వాక్యం: వ్యాధికారక మార్పులు కనబడలేదు.

ఇక్కడ ఆగిపోవడం కూడా తప్పు కాదు, నిజంగానే. ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం చాలామందికి వచ్చే జబ్బు, పిట్యూటరీ గడ్డలూ అరుదేమీ కాదు. ఒకే మనిషిలో రెండూ కాకతాళీయంగా కలవడం ఉంది, మెన్1 పరీక్ష నెగెటివ్ వచ్చినవాళ్ళలో అలాంటివాళ్ళు ఉంటారు. తమ్ముడే లేకపోతే నేనూ అక్కడే ఆగేవాణ్ణి. అక్కాతమ్ముళ్ళిద్దరికీ, బహుశా తల్లికీ, ఒకే గ్రంథి జబ్బు కాకతాళీయం అనడానికి మనసొప్పలేదు.

ఆ అనుమానం పారాథైరాయిడ్ ఆపరేషన్‌ను కూడా మార్చింది. పెద్దవైన పారాథైరాయిడ్ గ్రంథుల్ని చూపే సెస్టామిబి స్కాన్ ఎడమ కింది గ్రంథి ఒక్కటే చూపించింది. మామూలుగా అయితే చిన్న గాటు పెట్టి ఆ ఒక్కటీ తీసేస్తారు. వంశపారంపర్యమైతే నాలుగింటినీ చూడాలి. జన్యు రిపోర్టు నెగెటివ్ అయినా తమ్ముడికీ ఇదే జబ్బు ఉంది కదా అని సర్జన్‌తో వాదించాను, ఆయన ఒప్పుకున్నారు. నాలుగూ తెరిచి చూస్తే రెండు పెద్దవయ్యాయి. స్కాన్ ఒకదాన్నే చూపించింది. రెండూ తీశారు, కాల్షియం 9.2కి వచ్చి అక్కడే ఉంది.

ఆ తర్వాత జన్యు రిపోర్టును మళ్ళీ తీశాను. ఈసారి మొదటి పేజీలోని ఫలితం కాదు, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న పరీక్షా పద్ధతి చదివాను. ప్రోటీనుగా మారే భాగాలు, వాటికి ఇరువైపులా కొన్ని అక్షరాలు చదివామని రాసి ఉంది. అంటే ఎంఆర్‌ఎన్‌ఏలో (ప్రోటీను తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) ప్రోటీను మొదలయ్యే గుర్తు అయిన ఏయూజీకి ముందుండే పొడవాటి భాగం, 5 ప్రైమ్ యూటీఆర్ అంటామే, దాన్ని అసలు చదవనేలేదు. చదవని చోట దొరకలేదని ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేనే "కనబడలేదు" అన్నదాన్ని "లేదు" అని చదువుకున్నాను.

ఎక్కడ చూడాలన్నది నా ఊహ కాదు. సీడీకేఎన్1బీ జన్యువు పీ27 అనే ప్రోటీనుని ఇస్తుంది, 198 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను. కణం విభజనకి తొందరపడకుండా అడ్డుకునే బ్రేకుల్లో ఇదొకటి. దీన్ని తొలగించిన ఎలుకల్ని 1996లో తయారుచేస్తే అవి మామూలు ఎలుకల కంటే పెద్దగా పెరిగాయి, వాటికి పిట్యూటరీ గడ్డలు వచ్చాయి. 2006లో ఇదే జన్యువు మనుషుల్లో కూడా మెన్1 లాంటి జబ్బు తెస్తుందని తేలింది, దాన్నిప్పుడు మెన్4 అంటున్నాం. 2013లో ఒక రోగిలో, పిట్యూటరీ గడ్డతో పాటు క్లోమంలో కూడా గడ్డ ఉన్న రోగిలో, ఈ జన్యువు ప్రోటీను భాగం బయట, ముందు భాగంలో, నాలుగు అక్షరాలు పోయిన మార్పు ప్రచురితమైంది. ల్యాబ్‌లోని జన్యు నిపుణురాలికి ఆ విషయం చెప్పి, ఆ ముందు భాగం ఒక్కటీ విడిగా చదవగలరా అని అడిగాను. మూడు వారాలకి ఫోన్ చేశారు. మార్పు ఉంది. అచ్చం అదే కాదు, కానీ అదే చోట, అదే పని చేసేది.

రైబోజోమ్ మొదలుపెట్టే తీరు

వైద్యవిద్యలో మొదటి ఏడాది చదివి, పరీక్ష రాసి మరిచిపోయే పాఠం ఇది. నేనూ మరిచిపోయాను. ఈ కేసు అర్థం కావడానికి మళ్ళీ మొదటినుంచీ చదవాల్సి వచ్చింది, కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోజోమ్. అది రెండు ముక్కలు: చిన్నది 40ఎస్, పెద్దది 60ఎస్. ఎంఆర్‌ఎన్‌ఏ మీదికి మొదట ఎక్కేది చిన్న ముక్కే. అది ఉత్త చేతులతో ఎక్కదు. ఈఐఎఫ్2 అనే ప్రోటీను, దాన్ని పట్టుకుని ఉన్న జీటీపీ, మొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ని మోసే టీఆర్‌ఎన్‌ఏ, ఈ మూడూ కలిసిన మూటను వెంట తెచ్చుకుంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే టోపీని ఈఐఎఫ్4ఈ పట్టుకుంటుంది, ఈఐఎఫ్4ఏ దారిలో మెలికలు విప్పుతుంది. అక్కణ్ణుంచి చిన్న ముక్క అక్షరం అక్షరం తడుముకుంటూ ముందుకు జరుగుతుంది. ఏయూజీ తగిలి, దాని చుట్టుపక్కల అక్షరాలు కూడా అనుకూలంగా ఉంటే ఆగుతుంది. జీటీపీ విరుగుతుంది, ఈఐఎఫ్2 దిగిపోతుంది, 60ఎస్ వచ్చి కూర్చుంటుంది, ప్రోటీను పని మొదలవుతుంది. చిన్న ముక్క ఇలా తడుముకుంటూ వెళ్తుందన్న నమూనాని 1978లో మార్లిన్ కొజాక్ ప్రతిపాదించారు.

చిక్కంతా అసలు ఏయూజీ కంటే ముందే ఇంకో ఏయూజీ ఉన్నప్పుడు వస్తుంది. మనిషి ఎంఆర్‌ఎన్‌ఏల్లో సుమారు సగానికి ఇలాంటివి ఉన్నాయి. అక్కడ మొదలై, ఒక ఆపు గుర్తు దగ్గర ముగిసే చిన్న వాక్యం ఒకటి ఉంటుంది. రైబోజోమ్ దాన్ని చదివేస్తే చాలాసార్లు పని అయిపోయిందనుకుని దిగిపోతుంది. కొన్నిసార్లు మాత్రం పెద్ద ముక్క దిగిపోయినా చిన్న ముక్క దారి మీదే ఉండిపోయి మళ్ళీ తడుముకుంటూ ముందుకు వెళ్తుంది. కానీ దాని దగ్గర ఇప్పుడు మూట లేదు, ఖర్చయిపోయింది. ఈఐఎఫ్2 కొత్త జీటీపీతో, కొత్త మెథియోనిన్‌తో మళ్ళీ వచ్చి ఎక్కాలి. అది ఎక్కేలోగా అసలు ఏయూజీ వచ్చేస్తే గుర్తుపట్టకుండానే దాటిపోతుంది. అందుకే రెండు షరతులు. చిన్న వాక్యం నిజంగా చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే ఎక్కువసేపు చదివితే మొదలుపెట్టడానికి సాయం చేసే తోడు ప్రోటీన్లు మధ్యలోనే రాలిపోతాయి. రెండోది, ఆ వాక్యం ముగిశాక అసలు ఏయూజీ వరకు సరిపడా ఖాళీ దారి ఉండాలి, మూట మళ్ళీ దొరికేంత దూరం.

పీ27 ఎంఆర్‌ఎన్‌ఏలో మామూలుగా ఈ రెండు షరతులూ తీరతాయి. మా రోగిలో ఆ చిన్న వాక్యం లోపల కొన్ని అక్షరాలు పోయాయి. పోయినవి మూడు చొప్పున లెక్కకి రాలేదు, కాబట్టి చదివే వరుస జరిగింది. పాత ఆపు గుర్తు ఇక గుర్తుగా కనబడదు. రైబోజోమ్ ఆగకుండా చదువుకుంటూ పోయి, అసలు ఏయూజీకి దగ్గర్లో ఉన్న వేరే ఆపు గుర్తు దగ్గర ఆగుతుంది. ఒక్క దెబ్బకి రెండు షరతులూ పోయాయి. వాక్యం పొడవైంది, ఖాళీ దారి కురచయింది.

ఇదంతా ఆమెకి కాగితం మీద గీత గీసి చెబుతున్నాను. ఏయూజీకి గుండ్రంగా సున్నా చుట్టి, ముందున్న చిన్న వాక్యానికి కింద గీత పెట్టాను. ఆమె కాసేపు చూసి, "అంటే సార్, పుస్తకంలో అచ్చుతప్పు లేదు. ముందుమాటలో ఉంది. ముందుమాటే సాగి సాగి, చదివేవాళ్ళు విసుగొచ్చి పుస్తకం తెరవకుండానే పక్కన పెట్టేస్తున్నారు, అంతేనా?" అన్నారు. అంతే. అంతకంటే బాగా నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేకపోయాను. ప్రోటీను తయారైతే అది నూటికి నూరుపాళ్ళు మంచి పీ27. తయారయ్యే సంఖ్యే తక్కువ.

తక్కువైతే మాత్రం ఏమవుతుంది, రెండో కాపీ బాగానే ఉంది కదా? ఇది జూనియర్ రెండో ప్రశ్న. చాలా ట్యూమర్ అణచివేత జన్యువుల్లో రెండు కాపీలూ పోతే గాని జబ్బు రాదు. పీ27 అలా కాదు. ఒక్క కాపీ పోయిన ఎలుకలు కూడా మామూలు వాటికంటే తొందరగా గడ్డలకి లొంగుతాయని 1998లోనే చూపించారు. పైగా ఈ ప్రోటీను ఎంత ఉండాలన్నది కణం ఎక్కువగా నిర్ణయించుకునేది ఎంఆర్‌ఎన్‌ఏ మోతాదుతో కాదు, దాన్నుంచి తయారుచేసే వేగంతో, తయారైనదాన్ని విరిచేసే వేగంతో. అలాంటి చోట మొదలుపెట్టే మెట్టు దెబ్బతింటే సర్దుబాటుకి దారులు తక్కువ. రైబోజోమ్‌లోనే తేడా ఉన్నా ఇలాంటి ఫలితం రావచ్చు. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏని సరిదిద్దే డీకేసీ1 దెబ్బతింటే పీ27 తయారీ తగ్గుతుందని, దానికి పిట్యూటరీ గడ్డలతో సంబంధం ఉందని 2010లో వచ్చిన పరిశోధన ఒకటుంది.

నిరూపించడం వేరు

మార్పు దొరకడం ఒక ఎత్తు, అదే కారణమనడం ఇంకో ఎత్తు. ల్యాబ్ దాన్ని "ప్రాముఖ్యం తెలియని మార్పు" అనే గడిలో పెట్టింది. నాకు చిరాకేసింది గాని వాళ్ళది న్యాయమే. మనందరి యూటీఆర్‌లలో ఏ హానీ చెయ్యని మార్పులు బోలెడు ఉంటాయి.

మొదట కుటుంబాన్ని చూశాం. కాల్షియం పెరిగిన తమ్ముడిలో మార్పు ఉంది. అన్ని పరీక్షలూ మామూలుగా ఉన్న ఇంకో తోబుట్టువులో లేదు. కథకి సరిపోయింది. కానీ ఇద్దరు మనుషుల్లో సరిపోవడం బొమ్మా బొరుసు పందెంలో రెండుసార్లు గెలవడం లాంటిదే.

తర్వాత పాత గడ్డ ముక్కకి పీ27 రంగు వేయించాను. కేంద్రకాలు వెలవెలబోయాయి. సంతోషించబోయి ఆగాను. వంశపారంపర్యం కాని పిట్యూటరీ గడ్డల్లో కూడా పీ27 తరచుగా తగ్గే ఉంటుంది. కాబట్టి ఆ రంగు ఏమీ రుజువు చెయ్యదు. రుజువు చేసినట్టు అనిపిస్తుంది, అదే దాని ప్రమాదం.

అసలు బరువున్నది మూడోది. ఒక పరిశోధనశాల వాళ్ళు ఆమె యూటీఆర్‌ని, మామూలు యూటీఆర్‌ని మిణుగురు వెలుగునిచ్చే లూసిఫరేజ్ ముందు అతికించి కణాల్లో పెట్టి చూశారు. ఆమెదాన్నుంచి వెలుగు సగానికంటే తక్కువ. అక్కడితో ఆగకుండా ఆర్‌ఎన్‌ఏ కూడా కొలవమని అడిగాను, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ తగ్గినా వెలుగు తగ్గుతుంది. ఆర్‌ఎన్‌ఏ రెండింట్లో సమానం. చివరగా, ఆమె యూటీఆర్‌లో ముందున్న ఏయూజీని ఒక్క అక్షరం మార్చి చెరిపేసి చూశారు. ముందుమాట మొదలవకుండా చేశారన్నమాట. వెలుగు తిరిగి వచ్చింది. నా నమ్మకం కుదిరింది అప్పుడే. అయినా ఒక కుటుంబం, ఒక ల్యాబ్, కాబట్టి రిపోర్టులో మాట "బహుశా వ్యాధికారకం" దగ్గర ఆగింది. అది సరైన చోటే.

పనిచేసినవి

ఇంత కష్టపడి జన్యువు కనుక్కున్నాం కదా, దానితో పిట్యూటరీ వైద్యం ఏమైనా మారిందా? దాదాపు లేదు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే, దీనికి మందుందా అని. రైబోజోమ్‌ని ఒక్క పీ27 కోసం సరిగ్గా మొదలుపెట్టించే మందు లేదని సూటిగా చెప్పాను.

ఐజీఎఫ్-1ని దించింది పెగ్విసోమాంట్. ఆక్ట్రియోటైడ్ తరహాదే అయిన పాసిరియోటైడ్ గురించి కూడా ఆలోచించాం, గుళికలు పలచని రకాల్లో కొన్నిసార్లు అది పనిచేస్తుంది. కానీ షుగర్ పెంచుతుంది, ఆమెకి ముందే ఉంది. పెగ్విసోమాంట్ గ్రోత్ హార్మోన్ పని చేసే తలుపు దగ్గర అడ్డం కూర్చుంటుంది, షుగర్‌కీ మేలు చేస్తుంది. రోజూ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 15కి పెంచాక ఐదో నెలలో ఐజీఎఫ్-1 మామూలైంది, హెచ్‌బీఏ1సీ 6.2. ఈ మందు వాడుతున్నప్పుడు గ్రోత్ హార్మోన్ కొలిచి కంగారుపడకూడదు, అది పెరుగుతుంది. చూడాల్సింది ఐజీఎఫ్-1, కాలేయం ఎంజైములు, గడ్డ సైజు.

గడ్డ సైజు దగ్గరే ఇంకో నిర్ణయం వచ్చింది. ఏడాదిలో కేవర్నస్ సైనస్‌లోని ముక్క 2 మిల్లీమీటర్లు పెరిగింది. కొలతలో పొరపాటు కావచ్చు, మామూలుగా అయితే ఇంకో స్కాన్ వరకు ఆగేవాణ్ణి. బ్రేకు పుట్టుకతోనే బలహీనంగా ఉన్న కణాలు, కీ-67 నాలుగు శాతం, గడ్డని ఆపలేని మందు, ఈ మూడూ కలిపి చూస్తే ఆగబుద్ధి కాలేదు. గడ్డ మీదికే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్, గామా నైఫ్, చేయించాం. జన్యువు ప్రభావం నా నిర్ణయం మీద పడింది ఇక్కడొక్కచోటే, అదీ పరోక్షంగా. రేడియేషన్ ఫలితానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా మిగతా పిట్యూటరీ హార్మోన్లు ఒక్కొక్కటే పడిపోవచ్చు. ఆరు నెలలకోసారి కార్టిసాల్, థైరాయిడ్ చూస్తున్నాం.

జన్యువు అసలు పనికొచ్చింది తమ్ముడికి. అతనికి పిట్యూటరీ ఎంఆర్‌ఐ మామూలుగానే ఉంది, ఐజీఎఫ్-1 ఏటా చూస్తాం. పారాథైరాయిడ్ ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు నాలుగు గ్రంథులూ చూడాలని సర్జన్‌కి ముందే తెలుసు, అక్క విషయంలోలా వాదన అవసరం రాలేదు. ఇద్దరికీ క్లోమం స్కాన్ చేయించాం, ఏమీ లేదు. ఎన్నేళ్ళకోసారి మళ్ళీ చెయ్యాలన్నది మెన్1 చూసి అంచనా వేస్తున్నదే. మెన్4 కుటుంబాలు చాలా కొద్ది.

నా పనిలో మారినవి

అక్రోమెగలీ ఉన్నవాళ్ళలో కాల్షియం ఎక్కువుంటే అదే రోజు పీటీహెచ్ పంపుతున్నాను, ఫాస్ఫేట్‌ని పక్కన పెట్టుకుని చదువుతున్నాను. దీనివల్ల అనవసరపు పరీక్షలు కొన్ని పెరిగాయి, ఫర్వాలేదనుకుంటున్నాను. జన్యు రిపోర్టు వస్తే చివరి పేజీ ముందు చదువుతున్నాను. అలాగని ప్రతి నెగెటివ్ రిపోర్టు వెనకా యూటీఆర్ వెతకమని ఎవరికీ చెప్పను. మన దగ్గర గట్టి కుటుంబ చరిత్ర, ఒక నిర్దిష్టమైన జన్యువు మీద అనుమానం, ఆ చోట ఇదివరకే తెలిసిన యంత్రాంగం, మూడూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ వెతకడం అర్థవంతమైంది. ఒక్కటి లేకపోయినా తెలియని మార్పులు గుట్టగా దొరికేవి, రోగికి టెన్షన్ తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఆమెకి పిల్లలున్నారు. ఒక్కొక్కరికీ మార్పు వచ్చే అవకాశం సగం. ఇప్పుడే పరీక్ష చేయించాలా అని పోయిన విజిట్‌లో అడిగారు. ఇంకా చిన్నవాళ్ళు, ఎదుగుదల పట్టిక మీద ఇద్దరి గీతలూ మామూలుగానే ఉన్నాయి. ఏడాదికోసారి ఎత్తు కొలుద్దాం, కాల్షియం చూద్దాం, మిగతాది వాళ్ళు అర్థం చేసుకునే వయసు వచ్చాక వాళ్ళతోనే మాట్లాడదాం అన్నాను. పూర్తిగా ఒప్పుకున్నట్టు లేరు. వచ్చే నెల భర్తని కూడా తీసుకొస్తానన్నారు.